ఇద్దరికీ ఒకటే మీటరు

పెట్టేయకండి మేడమ్, లైన్లోనే ఉండండి, ఆ రెండో నంబరుకు నేనే చేసి మీ ఇద్దరినీ కలుపుతాను అంది కరెంటు కంపెనీ ఆవిడ. అని నన్ను ఆ సంగీతంలోకి తోసేసి వెళ్ళిపోయింది. సంగీతమంటే ఏం లేదు, నాలుగు స్వరాలు ఎక్కి నాలుగు దిగి మళ్ళీ మొదటికి రావడం, మధ్యమధ్యలో మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక రికార్డు గొంతు. అంత ముఖ్యమైతే మాట్లాడి చావచ్చుగా అని మామూలుగా అయితే ఈపాటికి తిట్టిపోసేదాన్ని. ఇవాళ తిట్టు రావడం లేదు, నవ్వొస్తోంది, నవ్వు వెనకే ఏడుపొస్తోంది, రెండూ కాకుండా అరవాలనీ ఉంది. కుట్టు మిషను మీద హోటలు వాళ్ళ పరదా ఉంది, అంచు సగం మడిచి సూది గుచ్చి వదిలేశాను, ఇప్పుడు కుడితే ఆ పరదా కిటికీకి కాదు కదా గిన్నెలు తుడవడానికి కూడా పనికిరాదు. కూర్చోలేకపోతున్నాను, లేచి నిలబడితే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు, గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ తిరుగుతున్నాను. అక్క కూడా కడుతోంది. నెలనెలా కడుతోంది. ఈ ముక్క నాకు తెలిసి ఇంకా పావుగంట కాలేదు, ఆరేళ్ళుగా నేను నమ్మిందంతా తలకిందులైపోయింది.

నేను చేసిందల్లా ప్రతి నెలా చేసేదే. మెట్ల కింద మీటరు దగ్గర బిల్లు పెట్టి వెళ్ళగానే ఈ నెల వాడకం అన్న గడి ఒక్కటే చూస్తాను, ఫోన్ చేసి ఆ మొత్తం కట్టేస్తాను, కింద చీమల బారులా ఉండే చిన్న అక్షరాల జోలికి నేనెప్పుడూ పోలేదు, అవి చదవాలని పుట్టినవాళ్ళు వేరే ఉంటారు. ఇవాళ మాత్రం మిషను గొంతుకు బదులు మనిషి గొంతు వచ్చింది, పాపం జలుబుతో పట్టేసిన గొంతు, నోట్లో ఏదో బిళ్ళ చప్పరిస్తూ, "మేడమ్, ఒక్క మాట అడగనా, మీరెందుకు కడుతున్నారండీ?" అంది. ఎందుకేమిటి, వాడుకున్నాం కాబట్టి కడుతున్నాం అన్నాను కాస్త పెడసరంగానే. "అది కాదండీ. మీ డబ్బు ఇక్కడ చాలా మిగిలిపోయి ఉంది. ఇక కట్టక్కర్లేదు. వెనక్కి తీసుకోవచ్చు కూడా." నేను నమ్మలేదు. కరెంటు కంపెనీ మనకు బాకీ ఉండటమేమిటి, పిల్లి ఎలుకకు బాకీ ఉండటం ఎక్కడైనా ఉందా అన్నాను. ఆవిడ దగ్గుతూ నవ్వింది. "నెలకు రెండుసార్లు పడుతోంది కదండీ. ఒకటి మీరు ఫోన్లో కట్టేది. ఇంకోటి ఎవరో బ్యాంకు కౌంటర్లో కడుతున్నారు. రెండూ పూర్తి బిల్లే." బ్యాంకు కౌంటర్ అనగానే నాకు కళ్ళ ముందు తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి. ఈ కాలంలో కూడా బ్యాంకుకు నడిచి వెళ్ళి, లైన్లో నిటారుగా నిలబడి, ముందున్నవాళ్ళు వంకరగా నిలబడితే సరిగ్గా నిలబడండి అని చెప్పే మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆ మనిషి నా నెత్తిమీదే ఉంటుంది.

పై అంతస్తు అక్కది, కింది అంతస్తు నాది, మీటరు మాత్రం ఒకటే. అది అమ్మ పెట్టిన షరతు. రెండు మీటర్లు పెడితే రెండిళ్ళవుతాయి, నేను పోయాక కూడా మీది ఒకే ఇల్లు కావాలి అని ఇద్దరి పేర్లూ కలిపి రాయించింది, అమ్మకు తెలియనిదేమిటంటే ఒకే ఇంట్లో కూడా రెండు దేశాలుండొచ్చని. అక్క బడిలో డ్రిల్లు టీచరు, రిటైరైనా డ్రిల్లు పోలేదు, తెల్లారకముందే పైన ఒకటీ రెండూ ఒకటీ రెండూ అని గంతులు, కింద నా మిషను మీద గుండీల డబ్బా గలగలలాడేది. ఆవిడకు చలి, నాకు ఉక్క. ఆవిడకు ఎండాకాలం కూడా వేడినీళ్ళు కావాలి. ఆ వేడినీళ్ళ గీజరు స్విచ్చి మాత్రం మెట్ల కింద నా వైపు ఉండేది, దాన్ని అలా బిగించిన మేస్త్రీ ఏ జన్మలో పగవాడో. నేను ఆపేదాన్ని, ఆవిడ దిగొచ్చి వేసేది, నేను మళ్ళీ ఆపేదాన్ని. ఒకరోజు మా పిన్ని వచ్చి కూర్చుని ఉండగానే సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని, అక్క మెట్ల మీద నిలబడి, బిల్లు నువ్వొక్కదానివే కడుతున్నావా ఏమిటి అని అరిచింది. అవును, ఇకనుంచి నేనొక్కదాన్నే కడతాను, నువ్వు హాయిగా స్నానాలు చెయ్యి అన్నాను. నీ దానం నాకక్కర్లేదు, మొత్తం నేనే కడతాను, నువ్వే ఊరికే వాడుకో అంది. పిన్ని ఇటూ అటూ చూసి, అమ్మలూ, ఎవరో ఒకరు కట్టండి, చీకట్లో పెట్టకండి అంది. అదే ఆఖరు. ఆ తర్వాత మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పంతమంటే మా ఇంటిదే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నేనంటే, అసలు అది కుందేలే కాదని ఆవిడంటుంది. నేను కట్టాను. మాట అన్నాను కాబట్టి కట్టాను, పరదాలు లేని నెలల్లో కూడా, దిండు గలీబులు కుట్టి మరీ కట్టాను. కడుతూ ఊరుకున్నానా, వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, కొలతలకు వచ్చిన హోటలు మేనేజరుకు కూడా చెప్పాను, పైన ఒకావిడ ఉంది, బకెట్లకు బకెట్లు వేడినీళ్ళు పోసుకుంటుంది, పైసా విదల్చదు, నేను దీపం పెడుతుంటే ఆ వెలుగులో కూర్చుంటుంది అని. అంటే అక్క కూడా ఇదే చెప్పి ఉంటుంది! ఈతకొలను దగ్గర ముసలివాళ్ళకు ఈత నేర్పుతుందిగా, ఆ నీళ్ళలో మునిగి తేలే వాళ్ళందరికీ చెప్పి ఉంటుంది, కింద ఒకతి ఉంది, రోజంతా కరెంటు మిషను టకటకలాడిస్తుంది, బిల్లు మాత్రం నేను కట్టాలి అని. పిన్ని ఇద్దరి దగ్గరా కూర్చునేది, ఇద్దరూ చెప్పింది వినేది, ఇద్దరికీ అవునమ్మా అనేది. అబద్ధం ఎవరిదో తేల్చడం ఎందుకని ఊరుకుంది కాబోలు, రెండూ నిజమేనని ఆ పిచ్చితల్లికి మాత్రం ఎలా తోస్తుంది? ఒకే బిల్లు ఇద్దరూ మొత్తంగా కట్టే మొనగత్తెలు ఎక్కడైనా ఉంటారా? బాకీ పడితే వెంటనే తీగ కత్తిరిస్తామనే కంపెనీ, ఎక్కువ పడితే ఒక్క మాట కూడా అనలేదు, ఆరేళ్ళు మా పంతాన్ని మూట కట్టి జాగ్రత్తగా దాచింది. వాళ్ళను తిట్టాలా దండం పెట్టాలా?

పైన టేపు చప్పుడు. అట్టపెట్టె మూతి మూసి అంటించే టేపు, బర్రున లాగి పళ్ళతో తెంపుతోంది, కత్తెర ఏ పెట్టెలో పడేసిందో ఏమో. మూడు రోజులుగా ఇదే చప్పుడు. రేపు సామాను బండి వస్తుందట. ఈతకొలను పక్కన ఒక గది అద్దెకు తీసుకుందట, ఈ ఇల్లు ఇక నాకొద్దు, పరాయి కరెంటు తింటున్నానని వీధంతా అనుకునే చోట నేనుండను అందట, పిన్ని నాకు చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. వెళ్ళనీ, నాకు పీడా పోతుంది అన్నాను పిన్నితో. అన్నాను గానీ ఆ రాత్రి నుంచి పైన కాస్సేపు చప్పుడు లేకపోతే నాకు కుట్టు సాగడం లేదు. అక్క నడక నాకు తెలుసు, కుడికాలు కాస్త గట్టిగా వేస్తుంది, మోకాలు నొప్పిగా ఉన్న రోజు గోడ పట్టుకుని నడుస్తుంది, గోడ మీద చెయ్యి రాసే చప్పుడు కూడా నాకు తెలుస్తుంది, కోపంగా ఉంటే కుర్చీ ఎత్తకుండా ఈడుస్తుంది. ఆరేళ్ళు మాట్లాడలేదన్న మాటే గానీ నేను ఆవిడను వింటూనే బతికాను. రేపటి నుంచి నెత్తిమీద ఏమీ ఉండదు. అద్దెకిస్తే ఎవరో వస్తారు, వాళ్ళ నడక నాకెందుకు? ఈ కంపెనీ ఆవిడ ఇవాళ కాక ఎల్లుండి చెప్పి ఉంటే? ఇవాళ కూడా ఆ మిషను గొంతే వచ్చి ఉంటే నేను మామూలుగా కట్టేసి ఫోను పెట్టేసేదాన్ని కదా.

మోగింది! పైన ఫోను మోగుతోంది, అక్క ఫోను, బడిగంటలా మోగేట్టు పెట్టుకుంది, ఆవిడ ఏది పెట్టుకున్నా బడే. టేపు ఆగింది. కాళ్ళు ఫోను వైపు వెళ్ళాయి. ఆగాయి. ఎత్తు అక్కా, ఎత్తు. పేరు లేని నంబరు ఎత్తదు, అప్పు ఇస్తామనేవాళ్ళని అనుకుంటుంది, అప్పు ఇస్తామన్నవాడికి ఒకసారి గంటసేపు వెన్నెముక నిటారుగా పెట్టుకోవడం గురించి చెప్పిందట. గంట ఆగిపోయింది. మళ్ళీ టేపు బర్రుమంది. నా చెవిలో సంగీతం తెగి, పట్టేసిన గొంతు వచ్చింది.

"ఎత్తడం లేదండీ. ఇద్దరి పేర్ల మీద ఉంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి లైన్లో ఉండి ఒకే మాట చెప్పాలి. రూలు అది. ఇంకో రోజు చూద్దామా?"

"ఇంకో రోజు లేదమ్మా, రేపు వెళ్ళిపోతోంది. ఇంకొక్కసారి చెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"ఆ మేడమ్ ఎక్కడుంటారు?"

"పైన."

ఆవిడ ఒక్క క్షణం బిళ్ళ చప్పరించడం మానేసింది. "అయ్యో. పోయారా?"

"పోవడమేమిటి, నిక్షేపంగా ఉంది! మా పై అంతస్తులో ఉంది, నా నెత్తిమీద. మేం మాట్లాడుకోం."

అవతల దగ్గో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. మళ్ళీ చేస్తానండీ అంది. మళ్ళీ సంగీతం. ఈసారి ఊరుకోను. మూలనున్న పరదా కడ్డీ అందుకున్నాను, బల్ల మీదికి ఎక్కాను, ఈ వయసులో బల్లలెక్కడమేమిటని కాళ్ళు అడుగుతున్నా వినకుండా ఎక్కి, కప్పును దబదబా పొడిచాను. సున్నం రాలి హోటలు వాళ్ళ పరదా మీద పడింది. పైనుంచి ధబ్బున ఒక్క తన్ను, నోర్ముయ్ అని దాని అర్థం, అక్క తన్నుకు అర్థం నాకెవరూ చెప్పక్కర్లేదు. నేను మళ్ళీ పొడిచాను. చిన్నప్పుడు ఒకే మంచం మాకు, ఒకే దుప్పటి, చలికాలం అక్క మంచుగడ్డల్లాంటి పాదాలు తెచ్చి నా పిక్కల మీద పెట్టేది, నేను కెవ్వుమనేదాన్ని, అరవకే, నీ ఒళ్ళు కుంపటిలా ఉంటుంది, కాస్త ఇస్తే నీ సొమ్మేం పోతుంది అనేది. నేను తన్నేదాన్ని, అయినా రాత్రంతా ఆ పాదాలు అక్కడే ఉండేవి, తెల్లారేసరికి వెచ్చబడేవి. నిజంగానే చలి ఆవిడకు. నటన కాదు. ఆ వేడినీళ్ళు ఆడంబరం కాదు. ఆ సంగతి నా పిక్కలకు ఎప్పుడో తెలుసు, నా నోటికే తెలియలేదు. పొడిచాను, పొడిచాను, బడిగంట మోగింది, ఎత్తు, ఎత్తు, ఈ ఒక్కసారి ఎత్తితే జన్మలో ఇంకేమీ అడగను, అడుగుతాననుకో, అయినా ఎత్తు.

"హలో! ఎవరు?"

అమ్మో ఆ గొంతు! ముందు కప్పులోంచి వచ్చింది, ఆ వెనకే చెవిలోంచి వచ్చింది, ప్రతి మాటా నాకు రెండుసార్లు వినిపిస్తోంది. నేను చేతిలో కడ్డీతో బల్ల మీదే నిలబడిపోయాను. కంపెనీ ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది, ఖాతాలో మిగులు ఉందనీ, వెనక్కి ఇవ్వాలంటే ఎవరో ఒకరి బ్యాంకు ఖాతా ఇద్దరూ ఒకే మాటగా చెప్పాలనీ, ఇంకొకరు కూడా లైన్లోనే ఉన్నారనీ.

"ఆవిడకే ఇచ్చేయండి," అంది అక్క. "కడుతున్నది ఆవిడేనటగా, ఊరంతా చెప్పుకుంది. నా డబ్బు పోతే పోయింది."

"ఇద్దరూ కడుతున్నారు మేడమ్. ఆరేళ్ళుగా. ఇద్దరూ మొత్తం."

పైన టేపు చుట్ట చేతిలోంచి జారినట్టుంది, దొర్లుకుంటూ ఆ గోడదాకా పోయింది.

"ఏమే," అంది అక్క. కంపెనీ ఆవిడతో కాదు. "నువ్వూ కట్టావా?"

"కట్టాను."

"ప్రతి నెలా?"

"ప్రతి నెలా. నువ్వు?"

"నేను అన్న మాట తప్పుతానా? మరి నువ్వు ఆ మేనేజరుకు కూడా చెప్పావటగా, నేను నీ దీపం వెలుగులో కూర్చుంటున్నానని."

"నువ్వు ఆ ఈతకొలను మొత్తానికి చెప్పలేదా?"

"చెప్పాను," అంది. "అందరికీ చెప్పాను." ఆ మాట అంటూనే కిసుక్కున నవ్వింది, ఆపుకోబోయింది, ఆగలేదు, అక్క నవ్వితే ముక్కుతో నవ్వుతుంది, ఆ చప్పుడు పైనుంచీ వచ్చింది, చెవిలోంచీ వచ్చింది, నేను బల్ల మీద చతికిలబడి కడుపు పట్టుకున్నాను, కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఇద్దరు ముసలి గాడిదలం, మా పంతం ఖరీదు ఒక కంపెనీ దాచిపెట్టింది.

"మేడమ్, మరి ఎవరి బ్యాంకుకు పంపమంటారు?"

"దానికి," అంది అక్క.

"తనకు," అన్నాను నేను. "తను అద్దె కట్టుకోవాలి."

"నా అద్దె సంగతి నీకెందుకే? గుడ్డలు కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకుంటోంది, దానికే పంపమ్మా."

"నాకొద్దు. తనకు పంపకపోతే నేను ఒప్పుకోను."

"ఇద్దరూ ఒకే మాట చెప్పాలండీ," అంది ఆవిడ ఏడవడం ఒక్కటే తక్కువగా. "చెప్పకపోతే డబ్బు ఖాతాలోనే ఉండిపోతుంది."

"ఉండిపోతే ఏమవుతుంది?" అంది అక్క.

"ఏమీ కాదండీ. నెలనెలా బిల్లు అందులోంచే పోతుంది. మీరిద్దరూ ఇప్పటిలాగే వాడుకుంటే ఐదారేళ్ళదాకా ఎవరూ కట్టక్కర్లేదు. ఒక్కరే ఉంటే ఇంకా చాలా ఏళ్ళు వస్తుంది."

ఒక్కరే ఉంటే. సంతోషం పొంగుతూనే ఉంది, నవ్విన నీళ్ళు ఇంకా ఆరలేదు, అయినా ఒక్కసారిగా భయమేసింది, ఇది కూడా చెప్పకుండా ఊరుకుంటే ఇక నేను మనిషినే కాదనిపించింది.

"ఒక్కదాన్ని నేనెంతని తగలేస్తానక్కా?" అన్నాను. "నాకసలే ఉక్క. నువ్వు వెళ్ళకు. నువ్వు పైన లేకపోతే నేనుండలేను."

నేను కప్పు వైపే చూస్తున్నాను, అక్కడ నేను పొడిచిన చోట సున్నం పోయి నల్లగా కనిపిస్తోంది. అక్క గొంతు సవరించుకుంది.

"బండివాడికి అడ్వాన్సు ఇచ్చేశాను."

"పోతే పోయింది."

"నీ డబ్బైతే అలాగే అంటావా?"

"అంటాను."

అక్క డ్రిల్లు గొంతుతో, మైదానం అవతలి గోడదాకా వినిపించేంత గట్టిగా, "ఇదిగో అమ్మా, రాసుకో," అంది. "ఆ డబ్బు ఎక్కడికీ పంపొద్దు. అక్కడే ఉంచు. వాడుకుంటాం. ఇద్దరం."

"రెండో మేడమ్ కూడా అదే మాట చెప్పాలి."

"వాడుకుంటాం," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. గట్టిగా మళ్ళీ అన్నాను, "ఇద్దరం వాడుకుంటాం."

"థాంక్యూ అండీ, రికార్డయింది. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఏం అక్కర్లేదు తల్లీ, నువ్వు పెట్టేసి ఆ గొంతుకు కాస్త ఉప్పునీళ్ళు పుక్కిలించు. మేం ఇంకా పోట్లాడుకోవాలి," అన్నాను.

"నేను పెట్టేస్తే మీ ఇద్దరి లైనూ పోతుందండీ."

"పోనీ," అంది అక్క. "మెట్లున్నాయిగా."

లైను పోయింది. నేను బల్ల మీంచి ఎలా దిగానో తెలియదు, తలుపు తీసేసరికి పైన తలుపు గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.